కుండీ నిమ్మ, కొలత నీళ్ళు

నర్సరీ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు మొట్టమొదట అంటు కట్టడం గురించే అడుగుతారు. కత్తి ఎట్లా పట్టుకోవాలి, కొమ్మ మీది చిగురు కన్ను ఎక్కడ కోయాలి, పట్టీ ఎంత బిగువుగా చుట్టాలి అని. అవన్నీ నేర్చుకోవచ్చు. చెయ్యి నిదానంగా ఆడేవాళ్ళకు ఒక వానాకాలంలో వచ్చేస్తాయి. మా పనిలో కష్టమైనది అది కాదు. మొక్క మన గేటు దాటి వెళ్ళిపోయాక దానికి ఏమవుతుందో ఆలోచించడమే కష్టం. పెంచేది మనం, అది బతకాల్సింది మాత్రం మనకు తెలియని వాళ్ళ ఇంట్లో.

నేను మదనపల్లె దగ్గర ఒక ప్రైవేటు నర్సరీలో పనిచేసి నిరుడు మానుకున్నాను. మా అమ్మా నాన్నా సదుం పక్క పల్లెలో కూలి పనులు చేసినవాళ్ళు. నేను వ్యవసాయ డిప్లొమా చదివి జీతం ఉద్యోగంలో చేరాను. మొదట పుంగనూరులో ఉన్న చిన్న శాఖలో, ఆ తరవాత మదనపల్లె నర్సరీలో నిమ్మజాతి మొక్కలు చూసుకున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. అది చదివి ఎవరికీ ఒరిగేదేమీ లేదు. కుండీ నిమ్మ గురించి, దాన్ని పెంచిన ఒక మనిషి గురించి రాస్తాను. ఈ ఉద్యోగం నాకు నేర్పినదాంట్లో చాలా భాగం అక్కడే ఉంది.

ఇంటి లోపల, ఇంటి బయట

పొట్టి నిమ్మ వింత చెట్టేమీ కాదు. ఎక్కువ ఎత్తు పెరగని రకం నుంచి కన్ను తీసి, గట్టి వేరున్న మరో నిమ్మ మొలక మీద అంటు కడతాం. మనిషి నడుము దాకా పెరిగి ఆగుతుంది. కుండీలోనే పూస్తుంది, కాస్తుంది. నేల లేనివాళ్ళకు, అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకు అదొక ఆశ.

ఆశను అమ్మేటప్పుడు అబద్ధం చెప్పకూడదు. నిమ్మ ఇంట్లో ఉండటానికి పుట్టిన చెట్టు కాదు. మంచు కురిసే దేశాల్లో చలికాలం దాన్ని లోపలికి తెచ్చుకుంటారు, వాళ్ళకు వేరే దారి లేదు గనక. ఆ వీడియోలు ఫోన్లో చూసి మనవాళ్ళు సోఫా పక్కన పెట్టుకుంటారు. మదనపల్లె చలికి నిమ్మకు ఏమీ కాదు. లోపల పెడితే చీకటి చంపుతుంది, బయట పెడితే మే నెలలో మిద్దె మీద కాలే సిమెంటు చంపుతుంది. లోపల పెట్టక తప్పకపోతే తూర్పు కిటికీ దగ్గర, ఎండ నేరుగా ఆకుల మీద పడేచోట పెట్టాలి. వారానికోసారి కుండీని కాస్త తిప్పాలి, లేకపోతే ఒక పక్కకే వంగి పెరుగుతుంది. లోపలి నుంచి బయటికి గానీ, బయటి నుంచి లోపలికి గానీ ఒక్కసారిగా మార్చకూడదు. ముందు వరండా నీడలో కొన్నాళ్ళు ఉంచి అలవాటు చెయ్యాలి. లేదంటే ఉన్న ఆకులన్నీ రాల్చేస్తుంది.

ఆకులు రాలడం చూడగానే అందరూ చేసే పని ఒకటే. నీళ్ళు పోస్తారు. పాపం ఎండిపోతోంది అనుకుని ఇంకా పోస్తారు. చచ్చి మా దగ్గరికి తిరిగొచ్చిన కుండీ నిమ్మల్లో ఎక్కువ భాగం నీళ్ళు లేక చచ్చినవి కావు, నీళ్ళు ఎక్కువై చచ్చినవే.

మా యజమాని పేరు నారాయణప్ప. మాట తక్కువ మనిషి. ఎవరైనా చచ్చిన మొక్కను తెస్తే మా కౌంటరు కుర్రాళ్ళు "మీరే సరిగా చూసుకోలేదు" అని మొదలుపెట్టేవాళ్ళు. ఆయన వాళ్ళను పక్కకు పంపి, గోనెసంచి పరిచి, కుండీని దాని మీద బోర్లించి, మట్టి విదిలించి వేళ్ళు చూసేవాడు. అది అయ్యేదాకా నోరు విప్పడు. నేను చేరిన కొత్తలో ఒకసారి, వచ్చినామెను నేను కూడా గద్దించబోతే నా వైపు చూసి, "ముందర వేరు సూడమ్మా. మాటలు తరవాత" అన్నాడు. నాకు ఆయన అంతకంటే పెద్ద పాఠం చెప్పిన గుర్తు లేదు. ఆ తరవాత చెప్పింది కూడా దాని కొనసాగింపే.

కుప్పంలో మేడ మీది గది

మా వ్యాను వారానికోసారి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయేది. బస్టాండుకు కాస్త దూరంలో నీడ చూసుకుని మొక్కలు దించేవాళ్ళం. ఒకరోజు ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, "ఇంట్లో పెట్టుకునే నిమ్మచెట్టు అమ్ముతారంట గదా" అని అడిగాడు. అతని పేరు మునిరత్నం. ముప్పై దాటి ఉంటాడు.

అందరికీ చెప్పే మాటే అతనికీ చెప్పాను. "ఇంట్లో వద్దప్పా. మిద్దె మీద ఇటుకలు వేసి పెట్టుకో. బయటైతే బాగా వస్తుంది."

"మా ఆడమనిషికి మిద్దె మీదికి నడిచేది సేతగాదు, కిందికి దిగేది గూడా సేతగాదక్కా. ఆసుపత్రికి పోయేటప్పుడు నేనే ఎత్తుకొని దించుతాను. చెట్టే ఆమె దగ్గరికి రావాల."

"గదికి ఎండ తగులుతుందా?"

"నాకేం తెలుసు? నువ్వే వచ్చి సూడు."

మొక్కను, నన్ను ఆటోలో ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయాడు. అద్దె ఇల్లు. ఇరుకైన మెట్లెక్కితే ఒక గది, దాని ముందు కొంచెం ఖాళీ మిద్దె. గదిలో తూర్పు వైపు కిటికీ ఉంది. కిటికీ పక్కన మంచం మీద అతని భార్య మంజుల కూర్చుని ఉంది. సన్నటి మనిషి. ఒకప్పుడు బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసేది. మూత్రపిండాలు రెండూ చెడిపోయి, వారంలో కొన్ని రోజులు డయాలసిస్‌కు పోయి వస్తోంది. సూదులు గుచ్చి గుచ్చి ఎడమ చేతి నరం తాడులాగా ఉబ్బి ఉంది. నన్ను చూసి చెయ్యి పైట కిందికి లాక్కుంది. మునిరత్నం తన మూత్రపిండం ఇస్తానని పరీక్షలు చేయించుకున్నాడట, సరిపోలేదని చెప్పారట. ఆ సంగతి ఆమే నాకు తరవాత చెప్పింది.

మంచం పక్కన స్టూలు మీద మూత బిగించిన ఒక చిన్న స్టీలు చెంబు ఉంది. ఆ రోజుకు ఆమె తాగవలసిన నీళ్ళు అంతే. అన్నంలో పోసుకునే మజ్జిగ కూడా ఆ లెక్కలోదే. మందుసీసా మూతతో కొంచెం కొంచెం తాగేది.

మొక్కను కిటికీ దగ్గర పెట్టి, ఎప్పుడు తిప్పాలో చెప్పాను.

"నీళ్ళు ఎన్ని పోయాలక్కా?" అని అడిగింది.

"వేలు మట్టిలోకి దించి చూడు. రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే పొయ్యి. తడి తగిలితే పోయొద్దు."

మంజుల నవ్వింది. "దీనికి గూడా కొలతేనా!"

నేనూ నవ్వాను. అప్పటికి అది నాకు వట్టి తమాషా మాటలాగే తోచింది.

ఎందుకు పోసిందో

ఆ తరవాత వెళ్ళినప్పుడల్లా మొక్కను చూసి వచ్చేదాన్ని. ముందు కింది ఆకులు పసుపు పచ్చబడ్డాయి. తరవాత పైవి కూడా. మట్టి ఎప్పుడు ముట్టుకున్నా తడిగా ఉండేది. "నీళ్ళు తగ్గించు మంజులా" అని ప్రతిసారీ చెప్పాను. "సరే అక్కా" అనేది. కొన్ని వారాలకు మొక్క చచ్చిపోయింది. దాన్ని వ్యానులో వేసుకుని మదనపల్లె తెచ్చాను.

నారాయణప్ప గోనెసంచి మీద కుండీ బోర్లించాడు. వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి వచ్చేస్తున్నాయి.

"ఎన్నిసార్లు చెప్పానో సార్. తెలివైన పిల్లే, చెప్పింది అర్థం కాక కాదు" అన్నాను.

"యాల పోసిందో అడిగినావా?"

"లేదు సార్."

"అడుగు. అడిగిన తరవాత ఇంకో మొక్క తీసుకుపో."

ఆ వారం వట్టి చేతులతోనే మెట్లెక్కాను. మంజుల నన్ను చూడగానే కిటికీ వైపు తల తిప్పుకుంది. మొక్కను చంపానన్న సిగ్గు ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది. మంచం అంచున కూర్చుని, తిట్టడానికి రాలేదని చెప్పి, ఎందుకు పోశావమ్మా అని అడిగాను.

స్టూలు మీది చెంబు మూత తిప్పుతూ మెల్లగా చెప్పింది. 

"నేను తాగితే నీళ్ళు ఒంట్లోనే నిలబడిపోతాయి అక్కా. కాళ్ళు ఉబ్బుతాయి. పండుకుంటే ఊపిరాడదు. ఎండిపోయిన మట్టి మీద నీళ్ళు పోస్తే ఒక సద్దు వస్తాది, ఎప్పుడన్నా విన్నావా? పీల్చుకుంటాది సూడు, ఆ సద్దు. అది వినేదానికే పోస్తాంటి. పోసినంతా తాగేస్తాండాదే, దీనికెంత అదృష్టమో అనిపిస్తాండె. నేను తాగలేను, దాన్నన్నా తాగనీ అనుకుంటి."

ఆ శబ్దం నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ వింటూనే ఉన్నాను. దాని కోసం ఒక మనిషి ఇట్లా కాచుకుని కూర్చుంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.  ఆమె ఏడవలేదు. నాకే కళ్ళు నిండాయి.

పోసినా చావని కుండీ

తిరిగి వచ్చి నారాయణప్పకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నీళ్ళగొట్టం పట్టుకుని నిలబడి విన్నాడు. కాసేపటికి గొట్టం కట్టేసి అన్నాడు.

"అయితే ఆయమ్మకు నీళ్ళు పోయొద్దని సెప్పేది మానేయ్. పోసినా సావని కుండీ సేద్దాం."

ఇద్దరం కలిసి చేశాం. రంగు పూయని మట్టి కుండీ తీసుకున్నాం. దానికి అడుగున ఉన్న చిల్లు పెద్దది చేసి, చుట్టూ ఇంకా కొన్ని చిల్లులు పెట్టాం. లోపల పగిలిన పెంకులు పరిచాం. వాగు వంకల్లో దొరికే గరుకు ఇసుక సగానికి పైగా, మిగతాది ఎర్రమట్టి, కొంచెం బాగా మాగిన ఎరువు. ఆ మట్టి మీద చెంబు నీళ్ళు పోస్తే నిలవకుండా దిగిపోతాయి. వేళ్ళకు చెమ్మ మాత్రమే మిగులుతుంది. ఇటుకల మీద కుండీ పెట్టి, కింద ఒక వెడల్పు బేసిన్ ఉంచితే జారిన నీళ్ళు అందులో పడతాయి. కుండీ అడుగు నీళ్ళలో నానదు. ఇట్లాంటి మట్టిలో ఉన్న నిమ్మకు రోజూ నీళ్ళు పోసినా ఫరవాలేదు. ఫరవాలేదనడం కాదు, రోజూ పోసి తీరాలి.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. నీళ్ళతోబాటు సత్తువ కూడా కారిపోతుంది. బయట పెంచే నిమ్మలకు మేము నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళం. ఆ వాసన మూసిన గదిలో భరించలేం. అందులోనూ ఆమెకు అసలే వాంతులు. అందుకని వానపాముల ఎరువు కొద్దికొద్దిగా, తరచుగా వెయ్యమని చెప్పాను.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఒక మాట చెప్పాలి. పుస్తకంలో నీళ్ళు తగ్గించమనే రాసి ఉంటుంది. అది తప్పు కాదు. కానీ పుస్తకం మొక్కను మాత్రమే చూసి రాసింది. మన ముందు మొక్కతోబాటు ఒక మనిషి కూడా ఉంటాడు. మనిషిని మార్చలేనప్పుడు మట్టిని మార్చవచ్చు. ఈ సంగతి నాకు నారాయణప్ప చెబితే గానీ తోచలేదు.

కొత్త కుండీ తీసుకుపోయి కిటికీ దగ్గర పెట్టాం. మంజుల చెంబుతో నీళ్ళు పోసి, చెవి దగ్గరగా పెట్టి వింది.

"సద్దు తగ్గిపోయిందక్కా."

"ఇసుక కదా తల్లీ."

ఇంతలో కింద బేసిన్‌లో బొట్లు పడటం మొదలైంది. ఆమె చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దని సైగ చేసింది. ఆఖరి బొట్టు దాకా విని, "ఇది ఇంకా బాగుండాది" అంది.

పూత, కాయ

గదిలో పెరిగిన నిమ్మ పూయడం తేలిక కాదు. రోజులో కొంతసేపు మునిరత్నం దాన్ని బయట మిద్దె మీదికి చేర్చి, ఎండ ముదరక ముందే లోపలికి తెచ్చేవాడు. బయట ఉన్నప్పుడు పచ్చటి పురుగులు ఆకులు కొరికితే ఆమె చేత్తోనే ఏరేసేది. లోపల ఉన్నప్పుడు తెల్లపొలుసు పురుగు పడితే తడిగుడ్డతో ఆకు ఆకూ తుడిచేది. ఆమెకు ఓపిక లేని రోజులు నాకు తెలిసిపోయేవి, ఆ వారం ఆకుల మీద దుమ్ము ఉండేది.

మొదటి పూత వచ్చినప్పుడు వాకిట్లోకి అడుగు పెట్టగానే వాసన తగిలింది. గదిలోకి తేనెటీగలు రావు, మిద్దె మీద ఉంచే కాసేపట్లో వచ్చేవీ తక్కువే. కాబట్టి పూల మధ్య పుప్పొడి మనమే అంటించాలి. పిల్లలు రంగులు వేసుకునే చిన్న కుంచె ఒకటి తెచ్చి, ఒక పువ్వులో తిప్పి ఇంకో పువ్వుకు తాకించడం చూపించాను. మంజుల ఆ కుంచె తీసుకుని ఒక్కో పువ్వు దగ్గరా ఎంతసేపు కూర్చునేదో. బట్టలు కుట్టిన చెయ్యి కదా, వణుకు లేదు.

"ఆటో తోలి వచ్చినోడికి అన్నం పెట్టేది లేదు, పూలకు పెండ్లిండ్లు సేస్తాండాది" అని మునిరత్నం నవ్వేవాడు.

"నువ్వు సల్లగుండు సామీ, అన్నం కుక్కర్లో ఉండాది, పెట్టుకో" అనేది ఆమె.

పిందెలు చాలా పట్టాయి. తరవాత రాలడం మొదలైంది. బఠాణీ గింజలంత పిందెలు పొద్దున లేచేసరికి కుండీ చుట్టూ పడి ఉండేవి. వాటిని ఏరి కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. నాకు చూపించి, తన తప్పేమైనా ఉందా అని అడిగింది. లేదు, చిన్న చెట్టు ఎన్ని మోయగలదో అన్నే ఉంచుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది అని చెప్పాను. నిజం అదే. "తెలివిగలదే" అంది, కానీ ఆ పిందెలు పారేయడానికి ఒప్పుకోలేదు.

నిలిచిన కాయల్లో మొదటిది పండినప్పుడు నా కోసం కోయకుండా ఉంచింది. నేను వెళ్ళిన రోజు పలుచటి చక్రాలుగా కోసింది. ఆసుపత్రిలో ఆమెకు చెప్పారట, దాహం ఆగనప్పుడు ఒక సన్న ముక్క నిమ్మ నాలుక మీద పెట్టుకోమని. నోరు ఊరి కాసేపు దాహం తెలియదు. అంగట్లో కొన్న నిమ్మతో అప్పుడప్పుడూ చేసేదే. ఇప్పుడు సొంత చెట్టుది. ఒక ముక్క నాకిచ్చింది. నేను అలవాటుగా ఉప్పు కోసం చూశాను.

"నాకు ఉప్పు లేదక్కా. నువ్వు గూడా ఈ ఒక్కసారికి ఉప్పు లేకుండా తిను, నాతో పాటు."

తిన్నాను. పళ్ళు పులిశాయి. ఆమె కళ్ళు మూసుకుని ఆ ముక్కను నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ, కరిగిపోతుందేమోనన్నట్టు నిదానంగా చప్పరించింది. కిటికీలోంచి ఎండ ఆమె ముఖం మీద పడుతోంది. ఆమె నిజంగా సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్క రోజే.

అమ్మాక మన పని కాదు

నారాయణప్పకు వయసు మీదపడి నర్సరీ తన దగ్గరి బంధువుకు అప్పగించాడు. కొత్త యజమాని చురుకైన మనిషి. బయటి నుంచి కాయలతో నిండిన పెద్ద మొక్కలు తెప్పించి, ప్లాస్టిక్ కుండీల్లో పెట్టి, టమాటా మార్కెట్టుకు వచ్చే జనం కంట పడేటట్టు రోడ్డు పక్కనే నిలబెట్టాడు. బాగా అమ్ముడుపోయాయి. గది మూలన పెట్టుకున్నా ఏమీ కాదని చెప్పి అమ్మేవాళ్ళు. కాయలు కోసుకోవడం అయ్యాక ఆ మొక్కలు ఎంతకాలం బతికాయో నేను ఊహించగలను.

కుప్పం దాకా వ్యాను పోవడం దండగని ఆపేశాడు. నేను అభ్యంతరం చెప్పాను. అక్కడ మొక్కలు కొన్నవాళ్ళు ఉన్నారు, చూసి రావాలి అన్నాను.

"అమ్మిన తరవాత ఎనకాలే పొయ్యేది మన పని కాదమ్మా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మర్యాదగానే అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చేతికి వచ్చాకే నర్సరీ పెరిగింది, మాకు జీతాలు సకాలంలో వచ్చాయి. కానీ ఒకటి గమనించాను. చచ్చిన మొక్కను పట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్ళు క్రమంగా లేకుండా పోయారు. మొక్కలు చావడం ఆగిపోయి కాదు. మేము వేరు చూస్తామన్న నమ్మకం పోయి. ఆ గోనెసంచి ఎటుపోయిందో కూడా ఎవరికీ పట్టలేదు.

నేను సెలవు దొరికినప్పుడు బస్సు పట్టుకుని కుప్పం పోయేదాన్ని. ఇంతకు ముందులాగా ప్రతివారం కుదరలేదు.

ఆ ఎండాకాలం

చివరిసారి చూసినప్పుడు మంజుల గోడకు ఆనుకుని, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. మాట మాటకూ ఆయాసపడుతోంది. ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే నాలుక పిడచకట్టుకుపోతుంటే ఆమె సంగతి చెప్పాలా.

చెట్టు మాత్రం బాగుంది. కాయలు నాలుగైదు పండడానికి సిద్ధంగా ఉన్నాయి. మాటల మధ్యలో ఆమె చెట్టు వైపు చూడనే లేదని గమనించాను. అంతకు ముందు ఎప్పుడూ అట్లా జరగలేదు.

లేచి వస్తానని చెప్పబోతుంటే, "అక్కా, చెంబు అందుకో" అంది.

ఆమె తాగడానికేమో అనుకున్నాను. కాదు.

"ఈ పొద్దు పోయలేదు. సెయ్యి లేయలేదు. నువ్వు పొయ్యి, నేను సూస్తాను."

బిందెలోంచి చెంబు ముంచుకుని పోశాను. నా చెయ్యికి ఆమె నిదానం లేదు. ఒక్కసారి పోసేస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. రెండో చెంబు సన్నటి ధారగా పోశాను. బేసిన్‌లో బొట్లు పడటం ఆగేదాకా ఇద్దరం విన్నాం.

"సాలు" అంది.

నేను వెళ్ళిన కొద్ది రోజులకు ఆమె పోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మునిరత్నం నర్సరీకి ఫోన్ చేస్తే ఎవరో తీసి నాకు చెప్పారు. నేను వెళ్ళేసరికి కర్మలతో సహా అన్నీ అయిపోయాయి.

ఎంత పోయాలి

ఆ చెట్టు బతికిందని ముందే చెబుతాను. ఒక పక్క కొమ్మలు ఎండిపోయాయి, మిగిలిన పక్క చిగిర్చింది. ఇప్పుడది మిద్దె మీద ఎండలోనే ఉంది. పూతకు తేనెటీగలు వస్తాయట. కాయలు కింది ఇంటివాళ్ళు, వీధిలోవాళ్ళు కోసుకుంటారని మునిరత్నం చెప్పాడు. అతను కోయడు.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆమె పోయిన తరవాత మొదటిసారి ఆ గదికి వెళ్ళిన రోజు గురించి.

మంచాన్ని గోడకు నిలబెట్టి ఉంచారు. కిటికీ దగ్గర చెట్టు ఆకులన్నీ దొప్పల్లాగా ముడుచుకుపోయాయి. పండిన కాయలు కొమ్మ మీదే ఉండి తోలు ముడతలు పడ్డాయి. మట్టిలో వేలు పెట్టాను. అడుగు దాకా పొడి ఇసుక. మామూలు మట్టిలో ఉన్న మొక్క అయితే ఆ కొన్నాళ్ళూ ఎట్లాగో తట్టుకునేది. అది రోజూ పోసే చెయ్యి ఉంటుందని మేము చేసిన కుండీ. ఆ చెయ్యి లేకుండా పోతే ఏమవుతుందని నేనూ నారాయణప్పా ఇద్దరమూ ఆలోచించలేదు.

"ఎన్ని దినాలైంది పోసి?" అని అడిగాను.

"నేను పోయలేదక్కా. సెంబు ఎత్తుతాను, మళ్ళా పెట్టేస్తాను. అది ఆమె పని గదా."

గోటితో కాండం మీద కొంచెం గీరి చూశాను. ఎండిన తోలు కింద సన్నటి ఆకుపచ్చ కనిపించింది. చూపించాను. అతను వంగి, ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

ఇక దాన్ని గదిలో ఉంచే పని లేదని చెప్పాను. మెట్ల పక్క నీడలో కొన్నాళ్ళు పెట్టి, తరవాత మెల్లగా ఎండకు జరపమన్నాను. ఇద్దరం కలిసి కుండీని బయటికి మోశాం. తేలిగ్గా ఉంది, తడి లేని ఇసుక కదా. అతను లోపలికి పోయి నీళ్ళు తెచ్చాడు. తెచ్చి నిలబడ్డాడు.

"ఎంత పోయాలక్కా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పని రోజు లేదు. వేలు దించి చూడు, రెండో కణుపు దాకా అని నాలుక చివరి దాకా వచ్చింది. అతని ముఖం చూసి ఆగిపోయాను.

"పొయ్యప్పా. ఎంతైనా పొయ్యి. అందులో నిలవదు."

పోశాడు. నీళ్ళు ఇసుకలోంచి జారి, కుండీ చిల్లుల్లోంచి మిద్దె మీదికి పారాయి. మళ్ళీ తెచ్చి పోశాడు. అట్లా పోస్తూనే, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఆమెకు ఈ జబ్బు వచ్చినప్పటి నుంచి ఇంట్లో నేను నీళ్ళు తాగలేదక్కా. ఆమె ఎదురుగా గ్లాసు ఎత్తేదానికి నాకు సెయ్యి వచ్చేది కాదు. అన్నం తినేటప్పుడు గూడా తాగను. కింద మెట్ల కాడ కుళాయి ఉండాది సూడు, ఆడనే కడుపు నిండా తాగి పైకి వస్తాంటి. ఆమెకు తెల్దు అనుకుంటి. ఒక దినం అడిగింది, 'యాల అట్ల దొంగతనంగా తాగుతావు, నా కండ్ల ముందర తాగు, నేను సూసి సంతోషపడతాను' అనింది. సరే అంటి. కానీ తాగలేకపోతిని."

 

బస్సు వేళయింది. తానే ఆటోలో దింపుతానన్నాడు. చెంబులో ఇంకా సగం నీళ్ళు మిగిలాయి. ఎండ మాడిపోతోంది, అతని పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. చెంబు వైపు ఒకసారి చూశాడు. ఆ నీళ్ళు కూడా కుండీలో పోసి, చెంబు లోపల బోర్లించి, తలుపు తాళం వేశాడు.

నేను ముందు దిగి ఆటోలో కూర్చున్నాను. అతను మెట్లు దిగి కుళాయి దగ్గర ఆగాడు. తిప్పి, వంగి, దోసిలి పట్టాడు. చాలా దాహంగా ఉన్నట్టుంది. తాగుతూనే ఉన్నాడు. నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.